పెళ్లికి ముందు చెలుల విందు

రమజాన్ ముగిసి షవ్వాల్ నెలవంక కానరాగానే మన ఇళ్లలో పెళ్లిళ్ల సందడి మొదలవుతుంది. ఆ రోజులలో మా మదరసాకు వచ్చే ప్రశ్నలు ఏటేటా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. మహ్ర్ ఎంత నిర్ణయించాలి, వలీమా ఏ రోజున ఇవ్వాలి, వరుని తరఫువారు ‘జోడా’ సొమ్ము అడుగుతున్నారు, ఏమని బదులు చెప్పాలి అన్నవే వాటిలో అధికం. ఈ ఏడు మాత్రం ఒక కొత్త ప్రశ్న అందింది. గుంటూరు జిల్లాకు చెందిన ఒక సోదరి దానిని వ్రాశారు. కుమార్తెకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం లభించినందున ఆ కుటుంబం నాలుగేళ్లుగా టోలీచౌకిలో నివసిస్తున్నది. అమ్మాయి నికాహ్‌కు ఇంకా ఆరు వారాల గడువు ఉన్నది.

ఆమెతోపాటు ఆఫీసులో పనిచేసే చెలులు ఏడుగురు. ఇద్దరు ముస్లిములు, నలుగురు హిందువులు, ఒకరు క్రైస్తవ సోదరి. పెళ్లికి ముందు ‘బ్యాచిలరెట్ పార్టీ’ చేసుకుందామని వారు పట్టుబట్టారు. మొదట ఊరి వెలుపల ఒక రిసార్టులో రాత్రి బస అన్నారు. అక్కడ కోరినవారికి మద్యం ఉంటుంది. అమ్మాయి కాదన్నది. అయితే మాదాపూర్‌లో మేడపైన ఉండే ఒక రెస్టారెంటుకు వెళదాం, నీకు మాత్రం పండ్లరసం తెప్పిస్తాం అన్నారు. దానినీ కాదన్నది. చివరకు ఆమె తానే తల్లి వద్దకు వచ్చి, మద్యం లేకుండా, మగవారు లేకుండా, ఆర్భాటం లేకుండా, ఒక పగటిపూట తమ ఏడుగురితో కూర్చునే వీలు కల్పించమని కోరింది. తల్లికి ఆ పేరు వినగానే కంపరం పుట్టింది. తండ్రి మరొక దారి పట్టారు. అమ్మాయి మనసు చిన్నబుచ్చడమెందుకు, ఫంక్షన్ హాలు మాట్లాడి రెండు వందల మందిని పిలుద్దాం అన్నారు. ఆ అమ్మాయి ఏమన్నదో తల్లి దాపరికం లేకుండా వ్రాశారు. నాలుగేళ్లు ఒకే బల్ల వద్ద అన్నం తిన్నవారికి వీడ్కోలైనా చెప్పకుండా అత్తవారింటికి పోవలసి వస్తే, ఇక ఈ ఇంట తాను ఏమీ అడగబోనన్నదట.

ఇందులో తల్లి అడిగిన ప్రశ్నలు రెండు. ఇది ధర్మసమ్మతమేనా? అయితే ఎలా జరపాలి? మొదటిదానికి మా సమాధానం, ధర్మసమ్మతమే అని. రెండవదానికి కొంత వివరంగా వ్రాయవలసి ఉన్నది, ఎందుకంటే ఇటువంటి విందులు చెడేదీ, బాగుపడేదీ ఆ వివరాలలోనే.

ముందుగా పేరు సంగతి. పెళ్లికి ముందు వధువు తన చెలులతో జరుపుకునే వేడుకను ఇంగ్లండులో ‘హెన్ పార్టీ’ అంటారు, అనగా కోడిపెట్టల విందు. అమెరికాలో దానికే బ్యాచిలరెట్ అని పేరు. అక్కడ వధువు మెడలో అడ్డంగా పట్టీ వేయడం, తలపై వేళాకోళపు ముసుగు కప్పడం, వాహనం నడపడం నేర్చుకునేవారు బండికి అంటించే ‘ఎల్’ గుర్తును ఆమె వీపున తగిలించి ఊరంతా తిప్పడం వాడుక. ఆ రాత్రి తాగుడుకు ప్రసిద్ధి. మన నగరపు దుకాణాలలో నేడు ‘బ్రైడ్ టు బీ’ అని మెరిసే పట్టీలు, బుడగలు అమ్ముతున్నారంటే అవి ఆ దారినే వచ్చాయి. ఒక జాతి వేషాన్ని అనుకరించేవారు వారిలోనివారే అవుతారన్న హదీసు అబూ దావూద్‌లో ఉన్నది. దానిని ఎత్తి చూపి ఈ విందు మొత్తాన్ని నిషిద్ధమనేవారు మా సహోపాధ్యాయులలోనూ ఉన్నారు. వారి భయం మాకు అర్థమవుతుంది. కాని ఫుఖహా దేనిని అనుకరణ అన్నారు? ఒక సమూహానికి మాత్రమే చెందిన ప్రత్యేక గుర్తును తీసుకోవడాన్ని, లేదా వారిని పోలి కనబడాలన్న సంకల్పంతో చేసే పనిని. పెళ్లికి ముందు ఆడవారు ఒకచోట చేరి వధువుకు ధైర్యం చెప్పి సాగనంపడం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. పట్టీ, ముసుగు, మద్యం తీసివేయండి. మిగిలేది మన అమ్మమ్మలు నలుగు పెట్టిననాడు చేసినదే.

ఇక్కడ సహీహ్ బుఖారీ నికాహ్ గ్రంథంలోని రెండు ఉదంతాలను ఆ తల్లి దృష్టికి తేదలిచాము. మొదటిది హజ్రత్ ఆయిషా (రజి) ఒక వధువును అన్సార్ కుటుంబంలోని వరుని ఇంటికి సాగనంపి వచ్చినప్పటిది. మీ వెంట వినోదమేమీ లేకపోయిందా అని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. అన్సార్ ప్రజలు వినోదాన్ని ఇష్టపడతారని కూడా అన్నారు. అనగా వధువు ఏ సమాజానికి చెందినదో, వారి మనసు దేనికి ఉల్లసిస్తుందో గమనించి మాట్లాడారు.

రెండవది మరింత సూటిగా మన విషయానికి సంబంధించినది. రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) పెళ్లయిన మరుసటి ఉదయం ప్రవక్త (స) ఆమె ఇంటికి వచ్చి కూర్చున్నారు. చిన్న ఆడపిల్లలు దఫ్ వాయిస్తూ, బద్ర్ యుద్ధంలో అమరులైన తమ పెద్దలను తలచుకుని పాడుతున్నారు. పాట మధ్యలో ఒక పిల్ల, రేపు జరగబోయేది ఎరిగిన ప్రవక్త మనలో ఉన్నారన్న భావం గల చరణం అందుకున్నది. అగోచర జ్ఞానం అల్లాహ్‌కు మాత్రమే చెందినది గనుక ఆ మాట విశ్వాసానికే విరుద్ధం. అప్పుడు ప్రవక్త (స) ఏమి చేశారు? ఆ మాట వదిలివేయండి, ఇంతకు మునుపు పాడుతున్నదే పాడండి అన్నారు. దఫ్‌ను లాక్కోలేదు. పిల్లలను లేపి పంపలేదు. తప్పు ఒక చరణంలో ఉన్నది, ఆ ఒక్క చరణాన్నే ఆపారు. మేము ముప్పై ఏళ్లుగా ఈ హదీసును విద్యార్థులకు చెబుతున్నాము. ఆడపిల్లల వేడుక విషయంలో పెద్దలు ఎంతవరకు కోత కోయాలో దీనికంటే స్పష్టంగా తెలిపేది మాకు మరొకటి కనబడలేదు.

ఆ తల్లి గమనించని సంగతి ఒకటి ఆమె లేఖలోనే ఉన్నది. ఆ చెలులు రెండుసార్లు తమ ఆలోచన మార్చుకున్నారు. రిసార్టు వద్దంటే రెస్టారెంటు అన్నారు, అదీ వద్దంటే ఇంటికే వస్తామన్నారు. ఐదుగురు ముస్లిమేతర యువతులు మన అమ్మాయి ధర్మానికి అంతగా విలువనిచ్చి తమ సరదాను తగ్గించుకున్నప్పుడు, మన వైపు నుండి తలుపు మూసివేయడం మర్యాద కాదు. ఆ అమ్మాయి కూడా ఎవరూ చెప్పకుండానే రెండుసార్లు ‘కాదు’ అన్నది. అటువంటి బిడ్డను అనుమానించవలసిన పని లేదు.

మరొక మాట కూడా చెప్పక తప్పదు. బ్యాచిలరెట్ అనగానే కనుబొమలు ముడివేసే కుటుంబాలే మాంఝాకు, సాంచక్‌కు, మెహందీకి వేరువేరుగా హాళ్లు మాట్లాడుతున్నాయి. మాంఝా అంటే వధువుకు పసుపు దుస్తులు వేసి నలుగు పెట్టి ఇంటిపట్టున కూర్చోబెట్టడం. సాంచక్ అంటే వరుని ఇంటివారు వధువుకు బట్టలు, కానుకలు తెచ్చే ఆనవాయితీ. రెండూ ఒకప్పుడు ఇంటి వసారాలో ముగిసేవి. ఇప్పుడు వాటికి వేదిక, పూల గోడ, వీడియో బృందం, మూడు వందల పళ్లేలు. ఆ బృందంలో ఉండేది మగవారే. చక్రవడ్డీకి తెచ్చిన సొమ్ముతో జరిగే సాంచక్ ధర్మసమ్మతమూ, పులిహోర తింటూ ఏడుగురు చెలులు కూర్చునే మధ్యాహ్నం నిషిద్ధమూ ఎలా అవుతాయో మాకు బోధపడదు. తండ్రిగారి ఫంక్షన్ హాలు ఆలోచనకు కూడా ఇదే మా జవాబు. షరీఅత్ పెళ్లి భోజనమని కోరినది వలీమాను మాత్రమే. అది వరుని బాధ్యత. వధువు తండ్రిపై ఏ విందూ విధి కాదు. కూతురు అడిగినది ఏడుగురిని. రెండు వందల మందిని పిలిస్తే ఆ ఏడుగురూ మూలన కూర్చుని కోక్ తాగి వెళ్లిపోతారు. ఆమె కోరిక అలాగే మిగిలిపోతుంది.

మద్యం విషయానికి వద్దాము. మద్యం, జూదం షైతాను పనులలోని అపవిత్రమని, వాటికి దూరంగా ఉండమని దివ్య ఖుర్ఆన్ (అల్ మాయిదా: 90) ఆదేశిస్తున్నదని మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు. కాని ‘నేను తాగను గదా, నా ముందు పండ్లరసమే ఉన్నది గదా’ అనే వాదన ఇప్పుడు చదువుకున్న పిల్లలలో వినబడుతున్నది. దీనికి తిర్మిజీలోని రెండు హదీసులు చూడాలి. అల్లాహ్‌ను, అంతిమ దినాన్ని విశ్వసించేవారు మద్యం వడ్డించబడే భోజనపు బల్ల వద్ద కూర్చోరాదన్నది ఒకటి. మద్యం విషయంలో పదిమందిని శపించినది రెండవది. ఆ పదిమందిలో తాగేవాడు ఒకడు మాత్రమే. పిండేవాడు, మోసేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, కొనేవాడు, ఎవరి కోసం కొన్నారో ఆ వ్యక్తి, వీరందరూ ఉన్నారు. ఇప్పుడు నగరంలో జరిగే తీరు చూడండి. భోజనం ముగియగానే మొత్తం బిల్లును ఎనిమిది భాగాలు చేసి ఫోనులో పంపించుకుంటారు. పండ్లరసం తాగిన అమ్మాయి మద్యం ఖరీదులో ఎనిమిదవ వంతు చెల్లించింది. తాను చుక్క ముట్టకుండానే కొన్నవారి జాబితాలో చేరింది. అందుచేత మేడపై రెస్టారెంటును ఆ అమ్మాయి కాదనడం సరైన పనే.

మద్యం నిషేధాజ్ఞ వెలువడిన ఘడియ కూడా ఒక స్నేహితుల కూడికలోనే వచ్చింది. అబూ తల్హా (రజి) ఇంట మిత్రులు కూర్చుని ఉన్నారు. యువకుడైన అనస్ (రజి) వారికి ఖర్జూరపు మద్యం పోస్తున్నారు. వీధిలో చాటింపు వినబడింది. దానిని పారబోయమని అబూ తల్హా (రజి) అనస్‌ను పంపారు. మదీనా వీధులలో అది పారింది. కడవ ఖాళీ చేశారు, కూడినవారి స్నేహాన్ని మాత్రం ఎవరూ తెంచుకోలేదు.

బయటికే వెళ్లాలనుకుంటే నగరంలో బార్ లేని భోజనశాలలకు కొదువ లేదు. ఇరానీ హోటళ్లలో, బిర్యానీ హోటళ్లలో చాలావాటికి మేడమీద ఫ్యామిలీ సెక్షన్ ఉంటుంది. ‘బార్ అండ్ రెస్టారెంట్’ అన్న బోర్డు చూసి వెనుదిరిగితే సగం పని అయినట్లే. మిగిలిన సగం, వంటకాలను గురించి అడగడం. తిరామిసు అనే ఇటలీ మిఠాయిలో, పండుగ ప్లమ్ కేకులో మద్యం కలిపే వాడుక ఉన్నది. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. బీరు సీసా ఆకారంలోనే వచ్చే ‘నాన్ ఆల్కహాలిక్’ పానీయాలూ మాకు రుచించవు. నిమ్మ షర్బత్, ఫలూదా, బాదం పాలు దొరికే ఊళ్లో ఆ సీసా ఎవరిని మెప్పించడానికి?

అయినా మా సలహా ఇల్లే. సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం గంట కొట్టడం చూసి, అక్కడినుండి ఇంటికి భోజనానికి రావచ్చునని ఒక ఉస్తానీ సూచించారు. అదీ బాగున్నది, శుక్రవారం తప్ప. ఆ రోజు మ్యూజియానికి సెలవు. కాని ఎండాకాలపు పెళ్లిళ్ల రోజులలో పాతబస్తీ రద్దీలో సగం రోజు గడిచిపోతుంది. ఇంట్లోనైతే వచ్చిపోయే మగవారిని ఆ నాలుగు గంటలు బయటికి పంపవచ్చు. తండ్రిగారు, తమ్ముడు జుహర్ నమాజుకు మస్జిద్‌కు వెళ్లి, అసర్ కూడా చూసుకుని తిరిగి వస్తే సరిపోతుంది. అపార్టుమెంటు క్లబ్ హౌస్ విశాలంగా ఉంటుందనుకుంటారు గాని అక్కడ కెమెరాలు ఉంటాయి, వాటిని చూసేది వాచ్‌మన్.

ఖర్చు గురించి ఒకింత ఆగి మాట్లాడాలి. మా మదరసా బాలికల విభాగంలో బోధించే ఉస్తానీలు చెప్పిన మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. ఇటువంటి విందులు చెలుల మధ్య మనస్పర్థలు తెచ్చేది మద్యం వల్ల కంటే చందాల వల్ల ఎక్కువట. ‘అందరం సమానంగా వేసుకుందాం’ అనేమాట వినడానికి న్యాయంగా ఉంటుంది. కాని ఏడుగురిలో ఒకరు ఊళ్లోని తల్లిదండ్రులకు సగం జీతం పంపుతూ ఉంటారు. ఒకరు కాంట్రాక్టు ఉద్యోగంలో ఉంటారు. రిసార్టు గదికి, కానుకకు, కేకుకు, ఒకే రంగు దుస్తులకు కలిపి అడిగిన మొత్తం ఆమెకు నెల అద్దెతో సమానం కావచ్చు. లేదని చెప్పలేదు, ఉన్నదని ఇవ్వలేదు. ఆ రోజుకు తలనొప్పి అని మానుకుంటుంది. పెళ్లికూతురు, ఆమెకు నాపై ప్రేమ లేదనుకుంటుంది. ధనికులను పిలిచి పేదలను విడిచిపెట్టే వలీమా భోజనం అన్ని భోజనాలలోకి చెడ్డదని బుఖారీలో అబూ హురైరా (రజి) ఉల్లేఖనం ఉన్నది. పిలవకుండా విడిచిపెట్టడమే కాదు, రాలేనంత ఖరీదు పెట్టడమూ విడిచిపెట్టడమే అని మేము భావిస్తున్నాము.

ఇందుకు ప్రవక్త (స) ఇంటి వలీమాయే దారి చూపుతున్నది. హిజ్రీ 7వ సంవత్సరం ఖైబర్ నుండి మదీనాకు తిరిగి వస్తున్న దారిలో హజ్రత్ సఫియ్యా (రజి)తో వివాహం జరిగింది. ప్రయాణంలో ఉన్నవారు, రొట్టె లేదు, మాంసం లేదు. తోలు పరుపులు పరిచారు. ఎవరి వద్ద ఏమున్నదో దానిని తెమ్మన్నారు. ఒకరు ఖర్జూరాలు తెచ్చారు, ఒకరు నెయ్యి తెచ్చారు, ఎండిన పెరుగు గడ్డలు వచ్చాయి. అన్నీ కలిపితే ‘హైస్’ అనే వంటకమైంది. అదే వలీమా. అనస్ (రజి) దీనిని ఉల్లేఖించారు. పరిచిన తోలుపై ఎవరిది నెయ్యి, ఎవరిది గుప్పెడు ఖర్జూరం అని లెక్కించినవారు లేరు.

కనుక ఆ అమ్మాయి తన చెలులకు పంపదగిన కబురు ఇలా ఉండవచ్చునని మేము సూచించాము: “వచ్చే ఆదివారం పదకొండు గంటలకు మా ఇంటికి రండి. అన్నం, మాంసం, కేకు మా ఇంటివి. మీలో ఎవరికి వీలైతే వారు ఇంట్లో చేసిన తీపి గాని, పులిహోర గాని, పండ్లు గాని తెండి. వీలుకాకపోతే ఊరికే రండి. చందాలు లేవు, ఒకే రంగు బట్టలు లేవు. మా ఇంట్లో మద్యం ఉండదని మీకు తెలుసు. ఫోటోలు మా చెల్లి ఒక్కతే తీస్తుంది. నాలుగున్నరకు ముగిద్దాం.” ఇందులో మాంసం తమదని చెప్పడం హలాల్ చర్చను బల్ల దాకా రానివ్వకుండా చేస్తుంది. తెచ్చిన వంటకాన్ని పక్కన పెట్టవలసి వచ్చే ఇబ్బంది అతిథికీ ఉండదు, ఇంటివారికీ ఉండదు. నలుగురు హిందూ సోదరీమణులలో శాకాహారులు ఉండవచ్చు. వారికి బగారా అన్నం, బగారా బైంగన్ వేరే గిన్నెలలో, వేరే గరిటెలతో, మాంసపు దాల్చాకు దూరంగా పెట్టాలి. మన ధర్మాన్ని వారు పాటించాలని కోరేవారము, వారి నియమాన్ని మనము అడగకుండానే పాటించాలి.

పాటల విషయం క్లుప్తంగా. పెళ్లి సందర్భంలో దఫ్‌కు అనుమతి స్పష్టంగా ఉన్నది. ఢోలక్ గీతాలు హైదరాబాదు ఆడవారికి ప్రాణం గాని, ఢోలక్‌ను గురించి ఉలమాలలో భిన్నాభిప్రాయం ఉన్నది. తమ ఇంట ఏ మార్గాన్ని అనుసరిస్తున్నారో దానిని అనుసరించాలి. గొంతు మాత్రం వీధిలోకి పోకూడదు.

మాటల విషయం అంత క్లుప్తంగా ముగిసేది కాదు. ఇటువంటి కూడికలలో అప్పటికే పెళ్లయిన చెలులు తమ దాంపత్య రహస్యాలు చెప్పి నవ్వించడం, పెళ్లికూతురిని సిగ్గు పడేలా ప్రశ్నలు అడిగే ఆటలు ఆడించడం పరిపాటి. భార్యాభర్తల ఏకాంతాన్ని బయటపెట్టేవారిని ప్రళయదినాన అల్లాహ్ వద్ద అతి నీచస్థానంలో ఉండేవారిలో చేర్చిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఈ హద్దు ముస్లిమేతర చెలులకు తెలియకపోవచ్చు. ఆ ఇద్దరు ముస్లిం చెలులలో ఒకరు ముందుగానే నెమ్మదిగా చెప్పి ఉంచితే, పెళ్లికూతురు ఆ సమయానికి ఎవరినీ ఆపనక్కరలేదు. అయితే పెళ్లికి ముందు ఆడపిల్లకు ఉండే భయాలు వేరు, వాటిని మాట్లాడుకోవడం వేరు. అత్తవారింట ఉద్యోగం మాననిస్తారా, సాగనిస్తారా? జీతం ఎవరి చేతిలో ఉండాలి? అలిగినప్పుడు ఎవరికి ఫోను చేయాలి? ఇటువంటివి ఆమె తల్లితో చెప్పదు, మాతో అసలే చెప్పదు. చెలులతో చెబుతుంది. అందుచేత తల్లి ఆ రోజు వారితో ఒక గంట కూర్చుని, కలిసి తిని, ఆపైన పక్కగదిలోకి వెళ్లిపోవాలని మా విన్నపం. తలుపు కొంచెం దగ్గరగా వేస్తే మరీ మంచిది.

ఫోటోల గురించి మేము కబురులోనే వ్రాయించినందుకు కారణమున్నది. బయట పరదా పాటించే ఆ ముస్లిం చెలులు ఇంట్లో తల ముసుగు తీసి కూర్చుంటారు. పక్కన ఉన్నవారు ఏ దురుద్దేశమూ లేకుండా ఒక ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. సాయంత్రానికి ఆఫీసులోని మగవారంతా చూస్తారు. తీసివేయమని అడిగేసరికి జరగవలసినది జరిగిపోతుంది. ఒకే ఫోను, అదీ చెల్లి చేతిలో అన్న నియమం ఎవరినీ అవమానించదు. చేతుల మెహందీ, వంటకాలు, చెప్పుల వరుస ఎన్నయినా తీసుకోవచ్చు. ముఖాలున్న ఫోటో ఎవరిదైనా వారి అనుమతితోనే, వారికే పంపాలి. ముస్లిమేతర స్త్రీల ముందు ఎంతవరకు అలంకరణ కనబరచవచ్చునన్న విషయంలో ఫుఖహా మధ్య భేదం ఉన్నది. గౌరవప్రదమైన నిండు దుస్తులలో ఉంటే ఆ చర్చకు పోవలసిన పని పడదు.

నమాజుకు, మెహందీకి చిన్న తగవు ఉన్నది. చేతులకు ముద్ద పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటే వుజూ కుదరదు, నమాజు తప్పిపోతుంది. ఎండిన ముద్ద పొర రాలిపోవాలి. పండిన రంగు మాత్రం వుజూకు అడ్డు కాదు. గోళ్ల రంగు పొర అడ్డు. కనుక ఆ పగలు చెలులకు అరచేతిలో చిన్న చుక్కలు చాలు. పెళ్లికూతురికి ఆ రాత్రి ఇషా తర్వాత తీరికగా పెడితే ఫజ్ర్ వరకు వ్యవధి ఉంటుంది. పెట్టే మనిషి ఆడవారే అయి ఉండాలి. నిమిషాలలో నల్లగా పండుతుందని అమ్మే కోనులను దగ్గరకు రానీయకండి. జుట్టుకు వేసే రంగులలోని రసాయనాన్ని కొన్నింటిలో కలుపుతున్నారు, చర్మం బొబ్బలెక్కుతుంది. పెళ్లికి ముందు చేతులు కాల్చుకోవడమెందుకు? గోరింటాకు పొడి తెచ్చి ఇంట్లో నానబెట్టుకోవడమే మేలు. జుహర్ వేళకు ముస్లిం చెలులు ముగ్గురూ పక్కగదిలో నమాజు చేసి వస్తారు. మిగతావారు అప్పటికి పళ్లేలు సర్దుతారు. అందులో ఎవరికీ వింత ఏమీ కనబడదు.

హిందూ చెలులు పసుపు, కుంకుమ, గాజులు, పూలు తెస్తామన్నారట. తీసుకోవచ్చునా అని తల్లి సందేహం. పసుపు నలుగుగా మన ఇళ్లలోనూ ఉన్నదే, పూలూ గాజులూ అలంకరణలే. వాటిని సంతోషంగా తీసుకోవాలి. పొరుగింటివారు మేక డెక్క పంపినా తక్కువగా చూడవద్దని ప్రవక్త (స) స్త్రీలకు ప్రత్యేకంగా చెప్పారు. నుదుట కుంకుమ మాత్రం ఒక మతాచారపు గుర్తు. తమలో ఆ వాడుక లేదని అమ్మాయి ముందే చెబితే వారు నొచ్చుకోరు. బదులుగా మనమూ ఏదో ఒకటి ఇవ్వాలి. లాడ్ బజారు లక్క గాజులు ఇందుకు తగినవి. 2024లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఏడు జతలు, ఖరీదైనవి అక్కరలేదు, అందరికీ ఒకే ధరవి. కొలతలు మాత్రం ముందుగానే అడిగి తెలుసుకోవాలి. లక్క గాజు చేతికి బిగుతైతే గాజులాగా సబ్బు రాసి ఎక్కించడం కుదరదు.